ఎద్దుకిచ్చిన విశ్రాంతి డ్రైవర్‌కు ఇవ్వరా?

అమెరికాలో ఉన్న మనవాళ్లు వాట్సాప్‌లో పంపే ఫొటోల్లో ఈ బండిని మీరూ చూసే ఉంటారు. బస్సంత ఉంటుంది. లోపలే పడక, పొయ్యి, ఫ్రిజ్, స్నానాల గది. అక్కడ దాన్ని ఆర్‌వీ అంటారు. వారానికో పది రోజులకో అద్దెకు తీసుకుని, పిల్లల్ని ఎక్కించుకుని ఎల్లోస్టోన్‌కో గ్రాండ్ కాన్యన్‌కో బయల్దేరతారు. ఇలా తిరిగేవాళ్లలో పిల్లల్ని బడికి పంపకుండా ఇంట్లోనే చదివించే కుటుంబాలూ ఉంటాయి. వాళ్లకు రోడ్డే తరగతి గది. ఆ ఫొటోలు చూశాక మంథనిలో ఉన్న చెల్లెలో మరదలో అడిగే మాట ఒకటే: "అసొంటి బండి మన దగ్గర కిరాయికి దొరుకుతదా?"

దొరుకుతుంది. కేరళ ప్రభుత్వం 2021లో కారవాన్ పర్యాటకానికి ప్రత్యేక విధానమే తెచ్చింది. పెద్ద నగరాల్లో అలాంటి బండ్లు అద్దెకిచ్చేవాళ్లూ ఉన్నారు. కానీ మన ప్రాంతంలో కుటుంబమంతా కలిసి కదిలితే అది తుఫానో, టెంపో ట్రావెలరో, ఎర్టిగానో అవుతుంది. వెనక సీట్ల కింద చుడువ డబ్బా, సకినాల సంచి, నీళ్ల క్యాన్లు. పైన క్యారియర్ మీద చాపలు, గిన్నెలు. మన ఆర్‌వీ అదే. ఈ వ్యాసం ఆ బండి గురించి. ఇంకా సూటిగా చెప్పాలంటే, ఆ బండి నడిపే మనిషి నిద్ర గురించి. ప్రయాణంలో ఆరోగ్యం అనగానే మనం నీళ్లు, వాంతి మాత్రలు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్ల గురించి మాట్లాడతాం. అవీ కావాలి. అయితే బండిలో ఉన్న పది మంది ప్రాణాలూ ఆధారపడేది ఒక మనిషి కళ్ల మీద. ఆ కళ్లు నిన్న రాత్రి ఎన్ని గంటలు మూతపడ్డాయని మనలో ఎవరూ అడగరు.

ఇంటిని బండిలో పెట్టుకుని పోవడం మనకు కొత్త కాదు. మేడారం జాతరకు మన పెద్దలు ఎడ్లబండ్ల మీదే పోయారు. గూడు కట్టిన బండిలో పిల్లలు, ముసలివాళ్లు, బియ్యం మూట, వంట చెరుకు. దారిలో వాగు కనబడితే బండి ఇప్పేవారు. ఎద్దులకు నీళ్లు పెట్టి, గడ్డి వేసి, ఆ తర్వాతే మనుషులకు పొయ్యి వెలిగేది. ఆదిలాబాద్ వైపు మెస్రం వంశీయులు నాగోబా పూజ కోసం కాలినడకన జన్నారం మండలంలోని హస్తినమడుగుకు వచ్చి గోదావరి జలం తీసుకుని కేస్లాపూర్ చేరుకుంటారు. ఈ నడక ఇప్పటికీ సాగుతోంది. జాతరకు కుటుంబాలతో బండ్ల మీద చేరి మర్రిచెట్ల కింద విడిది చేసే ఆచారం ఉంది. వంశం కథను పిల్లలు ప్రధాన్ల నోట, కిక్రి వాద్యం మీద వింటారు. పుస్తకం లేకుండా సాగే చదువు అది.

ఆ ప్రయాణాల్లో ఒక నియమం ఎవరూ రాయకుండానే అమలయ్యేది. ఎంత దూరం పోవాలో, ఎక్కడ ఆగాలో నిర్ణయించేది ఎక్కినవాళ్లు కాదు, లాగేవాళ్లు. ఎద్దు అలిసిందంటే బండి ఆగాల్సిందే. "ఇంకో పది కోసులు తోలు, రేపు పనుంది" అంటే బండివాడు ఊరుకునేవాడు కాదు. ఎండాకాలం వెన్నెల్లో రాత్రిపూట తోలేవాళ్లూ ఉండేవారు, నిజమే. కానీ బండివాడు కాస్త కునుకు తీసినా ఎద్దులు దారి తప్పవు, ఎదుటి బండిని గుద్దవు. ఇన్నోవాకు ఆ తెలివి లేదు.

ఇప్పుడు మనం చేస్తున్నదేమిటో చూడండి. తిరుపతికో, శ్రీశైలానికో, షిరిడీకో పోవాలి. శుక్రవారం సాయంత్రం పిల్లలు బడి నుంచి వస్తారు. రాత్రి 9 గంటలకు బండి ఇంటి ముందుకు రావాలి. "రాత్రంతా పోతే పొద్దుగాల్ల దిగుతం, ఒకరోజు లాడ్జి పైసలు మిగుల్తయి" అన్నది లెక్క. కిరాయి రోజుకింత, కిలోమీటరుకింత కాబట్టి ఎంత తక్కువ రోజుల్లో తిరిగొస్తే అంత లాభం. ఆదివారం రాత్రి మళ్లీ అదే డ్రైవర్, అదే దారి, సోమవారం పొద్దున బడి గంటకు పిల్లలు మంథనిలో ఉండాలి. ఈ మధ్యలో మనం దర్శనం చేసుకున్నాం, తిన్నాం, సీట్లో వాలి నిద్రపోయాం. డ్రైవర్ పార్కింగ్‌లో, డోరు తెరిచి, కాళ్లు బయట పెట్టి, ఎండలో గంటో గంటన్నరో పడుకున్నాడు. దాన్ని మనం విశ్రాంతి అనుకున్నాం.

అంతకుముందు ఆ డ్రైవర్ ఏం చేస్తున్నాడో కూడా మనకు తెలియదు. శుక్రవారం పొద్దున 6 గంటలకు లేచి కరీంనగర్ ఆసుపత్రికి ఒక కిరాయి, సాయంత్రం పెళ్లివాళ్లతో ఇంకో కిరాయి ముగించుకుని వచ్చి ఉండొచ్చు. సీజన్‌లో సంపాదించుకోకపోతే ఆషాఢంలో ఏం తింటాడు? అతణ్ని తప్పుపట్టడానికి నేను ఇది రాయడం లేదు.

నిద్ర లేమి, మద్యం పక్కపక్కన

1997లో ఆస్ట్రేలియాలో డాసన్, రీడ్ అనే పరిశోధకులు ఒక పని చేశారు. ఒకే మనుషులకు ఒకసారి మద్యం తాగించి, ఇంకోసారి నిద్ర లేకుండా ఉంచి, చేతికీ కంటికీ పొత్తు ఎంత కుదురుతోందో కొలిచారు. ఏకబిగిన 17 గంటలు మేలుకున్న మనిషి పనితీరు, 100 మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాముల మద్యం ఉన్నవాడి పనితీరుతో సమానంగా ఉంది. 24 గంటలు మేలుకుంటే అది దాదాపు 100 మిల్లీగ్రాములతో సమానం. మన దేశంలో డ్రైవర్‌కు చట్టం పెట్టిన హద్దు 30 మిల్లీగ్రాములు. అంటే పొద్దున 6 గంటలకు లేచిన మనిషి రాత్రి 11 గంటలకు, ఒక్క చుక్క ముట్టకుండానే, తాగి నడిపితే కేసు పెట్టే హద్దును దాటినవాడితో సమానమైన స్థితికి చేరుతున్నాడు. మన ప్రయాణం అప్పటికి మొదలై రెండు గంటలే అయింది. పోలీసులు ఆపి గొట్టం ఊదిస్తే మాత్రం సున్నా చూపిస్తుంది. నిద్రను కొలిచే యంత్రం వాళ్ల దగ్గర లేదు.

తాగిన డ్రైవర్ బండి మనం ఎక్కం. వాసన వస్తే దింపేసి వేరే బండి పిలిపిస్తాం. నిద్ర లేని డ్రైవర్‌కు మాత్రం "టీ తాగు తమ్మీ" అని చెప్పి వెనక్కి వాలుతాం.

ఒంట్లో జరిగేది ఇది. మెదడులో నిద్రకూ మెలకువకూ ఒక గడియారం ఉంటుంది. రాత్రి 2 నుంచి 6 గంటల మధ్య, మళ్లీ మధ్యాహ్నం భోజనమయ్యాక 2 నుంచి 4 మధ్య అది మనిషిని కిందికి లాగుతుంది. ఎంత అనుభవం ఉన్న డ్రైవరైనా ఆ లాగుడును పూర్తిగా గెలవలేడు. అప్పుడు వచ్చేది పూర్తి నిద్ర కాదు, చిటికెడు నిద్ర. కళ్లు తెరిచే ఉండొచ్చు కూడా. రెండు, మూడు, నాలుగు సెకన్లు మెదడు ఊరుకుంటుంది. ఆ సంగతి తర్వాత అడిగినా అతనికి గుర్తుండదు. "నాకు నిద్ర రాలే సార్" అని అతను చెప్పేది అబద్ధం కాదు.

గంటకు 80 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది. నాలుగు సెకన్లకు దాదాపు 90 మీటర్లు. ఆ 90 మీటర్లు బండిని ఎవరూ నడపడం లేదు. మన దారుల్లో ఆ 90 మీటర్లలో ఏముంటుందో మీకు నేను చెప్పాలా? మహదేవపూర్, కాటారం వైపు నుంచి వచ్చే ఇసుక లారీలు రోడ్డు వారన, వెనక లైటు లేకుండా ఆగి ఉంటాయి. భూపాలపల్లి వైపు బొగ్గు లారీలు. కోతల కాలంలో రోడ్డు మీద సగం దాకా వడ్ల కుప్పలు, వాటి చుట్టూ పెట్టిన రాళ్లు. తెల్లవారుజామున ఆగి ఉన్న లారీని వెనక నుంచి కారు ఢీకొన్న వార్త చదివినప్పుడల్లా, బ్రేక్ వేసిన గుర్తు రోడ్డు మీద ఉందా లేదా అన్నది చూడండి. నిద్రలో ఉన్నవాడు బ్రేక్ వేయడు.

కేంద్ర రవాణా శాఖ లెక్కల్లో 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో పోయిన ప్రాణాలు 1,68,491. ఎఫ్‌ఐఆర్‌లో కారణం రాసేచోట "అతివేగం" అని పడుతుంది. డ్రైవర్ ఎన్ని గంటలు మేలుకున్నాడో రాసేవాళ్లుండరు కాబట్టి నిద్ర అనేది లెక్కల్లోకే రాదు.

టీ, పాటలు, అద్దం దింపడం

ఇవి పనిచేస్తాయా అని చాలామంది అడుగుతారు. అద్దం దించి గాలి కొట్టించుకోవడం, పాటలు గట్టిగా పెట్టడం, ముఖం మీద నీళ్లు చల్లుకోవడం కొన్ని నిమిషాల ముచ్చట. టీ, కాఫీల్లోని కెఫీన్ నిజంగానే కొంత పనిచేస్తుంది, కానీ తాగిన 20, 30 నిమిషాలకు గానీ ఎక్కదు, అరువు తెచ్చుకున్న మెలకువే అది. ఎక్కడైనా పెట్రోల్ బంకు దగ్గర ఆపి, టీ తాగి, వెంటనే 20 నిమిషాలు సీటు వాల్చి నిద్రపోతే రెండూ కలిసి కాసేపు కాపాడతాయి. అంతకుమించి మందు లేదు. నిద్రకు విరుగుడు నిద్రే.

పక్క సీట్లో కూర్చున్నవాళ్లు నిద్రపోకూడదన్న మన పెద్దల పట్టుదల మాత్రం మంచిది. మాట్లాడే మనిషి ఉంటే డ్రైవర్ మాట తడబడటం, జవాబు ఆలస్యం కావడం తెలుస్తుంది. ఆవలింతలు ఆగకపోవడం, బండి గీత దాటి పక్కకు జరిగి మళ్లీ సర్దుకోవడం, గడిచిన రెండు ఊళ్లు ఏమిటో చెప్పలేకపోవడం కనిపిస్తే ఆ క్షణమే ఆపించాలి. "అన్నా, పిల్లకు వాంతొస్తుంది, జర ఆపు" అని చెప్పినా సరే. అబద్ధమైనా ఫర్వాలేదు.

ఇంకో రెండు విషయాలు డాక్టర్‌గా చెప్పాలి. జలుబు చేసిందని మెడికల్ షాపులో తీసుకునే మాత్రల్లో సెట్రిజిన్, క్లోర్‌ఫెనిరమైన్ లాంటివి ఉంటాయి. మత్తు వస్తుంది. వాంతులు రాకుండా ఇచ్చే ప్రోమెథజైన్ మాత్ర కూడా అంతే. మీ సంచిలోంచి మాత్ర తీసి "జలుబున్నట్టుంది, ఇది వేసుకో" అని డ్రైవర్‌కు ఇవ్వకండి. రెండోది గురక. లావుపాటి మెడ, రాత్రి పెద్ద గురక, పగలు కూర్చున్నచోటే తూగడం ఉన్న డ్రైవర్లకు నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చే జబ్బు ఉండే అవకాశం ఎక్కువ. ఎనిమిది గంటలు పడుకున్నా వాళ్లకు నిద్ర చాలదు. దానికి పరీక్షా ఉంది, చికిత్సా ఉంది. సొంత బండి నడుపుకునే ఇంటి పెద్దలకూ ఈ మాట వర్తిస్తుంది. "నేనే తోలుత, డ్రైవర్ ఎందుకు" అనే బావగార్లకు మరీ.

డ్రైవర్‌కు షుగర్ ఉంటే భోజనం వేళ తప్పకూడదు. గుడి దగ్గర మనందరం తిన్నాక, గిన్నెలు కడిగాక, "అరె, డ్రైవర్ తిన్నడా?" అని గుర్తొస్తుంది మనకు. ఇన్సులిన్ తీసుకునేవాడైనా, కొన్ని రకాల షుగర్ మాత్రలు వేసుకునేవాడైనా వేళకు తినకపోతే చక్కెర పడిపోయి స్టీరింగ్ మీదే కళ్లు తిరుగుతాయి. ముందు అతనికి వడ్డించండి. ఎద్దుకు గడ్డి వేశాకే మనిషి తినాలన్న పాత పద్ధతి ఇక్కడా పనికొస్తుంది. మధ్యాహ్నం మరీ భారీగా పెట్టి వెంటనే బండి ఎక్కించడమూ మంచిది కాదు.

చట్టం ఏం చెప్పిందంటారా? 1961లో వచ్చి 2025 దాకా అమల్లో ఉన్న మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటల పని అంది. ఏకధాటిగా 5 గంటలు దాటకుండా అరగంట విశ్రాంతి ఉండాలంది. అరవై ఏళ్ల కిందట మన రోడ్లూ బండ్లూ ఎలా ఉండేవో తలచుకుంటే, అప్పుడే ఈ ఆలోచన చేసినవాళ్లను మెచ్చుకోవాలి. ఒక బండి ఉన్న ఓనర్, ఒక డ్రైవర్, ఫోన్‌లో కుదిరిన కిరాయి మధ్య ఆ నియమాన్ని చూసే ఇన్‌స్పెక్టర్ ఎవరూ ఉండరు. చూడాల్సింది కిరాయి ఇచ్చే మీరే.

ఇంటి బడి కుటుంబాల దగ్గర ఉన్నదేమిటి

పిల్లల్ని బడి మాన్పించి ఇంట్లో చదివించడం మంచిదా కాదా అన్నది నా పరిధి కాదు. హైదరాబాద్ లాంటి చోట్ల కొద్దిమంది ఆ పని చేస్తున్నారు, పదో తరగతి పరీక్షను జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ ద్వారా రాయిస్తున్నారు. మనందరికీ అది సాధ్యపడదు. కానీ వాళ్ల ప్రయాణంలో నాకు నచ్చేది ఒకటుంది. వాళ్లకు సోమవారం పొద్దున లేదు. అందుకే చీకటి పడితే ఆగిపోతారు. పిల్లలకు దారి చూపించడమే ప్రయాణం ఉద్దేశం కాబట్టి రాత్రి నడపడంలో అర్థమే లేదు వాళ్లకు. నిద్రపోతున్న పిల్లకు ఏ పాఠం చెబుతారు?

మనకు ఆరేడు రోజుల తీరిక లేకపోవచ్చు. రెండు రోజులుంటే చాలు, మంథని చుట్టూ ఏముందో చూడండి. గోదావరి ఒడ్డున గౌతమేశ్వరాలయంలో పొద్దున మొదలుపెడితే, దగ్గర్లోనే ఎల్.మడుగు ఉంది. ఆ లోతు నీళ్లలో మొసళ్లుంటాయి, వాటి కోసమే శివారం అభయారణ్యాన్ని ప్రకటించారు. దూరం నుంచి చూపించండి, నీళ్లలోకి దిగనివ్వకండి. రామగిరి ఖిల్లా మీద మందుమొక్కల కోసం కాలేజీ పిల్లలు వృక్షశాస్త్ర యాత్రలకు వస్తుంటారు. రామగుండం వైపు పోతే ఓపెన్‌కాస్టు మట్టి గుట్టలు కనిపిస్తాయి. ఆ బొగ్గు ఒకప్పటి అడవి అని, డైనోసార్ల కంటే ముందు కాలానిదని చెబితే పిల్ల కళ్లు ఎంత పెద్దవవుతాయో చూడాలి.

డైనోసార్ల మాట వచ్చింది కాబట్టి. హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో నిలబెట్టిన పెద్ద అస్థిపంజరాన్ని మీ పిల్లలు చూసే ఉంటారు. దాని పేరు కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్. ఆ రెండో మాట ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలోని యామన్‌పల్లి ఊరి పేరు. ప్రాణహిత, గోదావరి లోయలో దొరికిన ఎముకలకు 1988లో యాదగిరి అనే భూగర్భ శాస్త్రవేత్త ఆ పేరు పెట్టారు. మన గోదావరికి అవతలి గడ్డ మీద తిరిగిన జంతువును చూడటానికి మనం హైదరాబాద్ పోతున్నాం. కాళేశ్వరం త్రివేణి సంగమం మెట్ల మీద కూర్చోబెట్టి, ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసే చోటు చూపిస్తూ ఈ కథ చెప్పవచ్చు. గుళ్లో ఒకే పానవట్టం మీద రెండు లింగాలెందుకున్నాయో నాయనమ్మ చెబుతుంది. వంతెన దాటితే సిరొంచ, మహారాష్ట్ర. ఒక్క పూటలో భాష మారుతుంది, దుకాణం బోర్డు మారుతుంది. ఇవన్నీ పగలే కనిపిస్తాయి.

పిల్లలకు ఒక పని అప్పగించండి. ఒక నోటుబుక్, ఒక గడియారం. బయల్దేరిన సమయం, డ్రైవర్ అన్న పేరు, అతను నిన్న ఎన్నింటికి పడుకుని ఎన్నింటికి లేచాడో అడిగి రాయాలి. రెండు గంటలు కాగానే "ఆపాలె" అని చెప్పే అధికారం ఆ పిల్లదే. 80 కిలోమీటర్ల వేగంలో నాలుగు సెకన్లకు ఎంత దూరమో లెక్క కూడా ఆ పిల్లతోనే కట్టించండి. బడిలో కాలం, దూరం లెక్కలు రానివాళ్లకు కూడా ఇది వస్తుంది. ఓనర్లు, పెద్దలు అడగడానికి మొహమాటపడే ప్రశ్నను పదేళ్ల పిల్ల అడిగితే డ్రైవర్ నవ్వుతూ నిజం చెబుతాడు.

రెండు గంటలకోసారి ఆగడం మిగతా అందరికీ మంచిదే. మన ఆడవాళ్లు ప్రయాణమంటే ముందు రోజు నుంచే నీళ్లు తగ్గిస్తారు, దారిలో పోయే చోటు ఉండదని. మూత్రంలో మంట, ఇన్ఫెక్షన్, ఎండాకాలమైతే వడదెబ్బ దాకా ఇది తీసుకెళ్తుంది. పగటి ప్రయాణంలో బంకో, హోటలో తెరిచి ఉంటుంది, రాత్రి 3 గంటలకు ఉండదు. కదలకుండా 4 గంటలకు పైగా కూర్చుంటే కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పు దాదాపు రెట్టింపవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లోనే చెప్పింది. మామూలు మనిషికి ఆ ముప్పు చిన్నదే. ఈమధ్య ఆపరేషన్ అయినవాళ్లకు, గర్భిణులకు, బాలింతలకు, బాగా లావున్నవాళ్లకు చిన్నది కాదు. దిగి పది నిమిషాలు నడిస్తే చాలు.

వాంతులు రెండు నుంచి పన్నెండేళ్ల పిల్లల్లో ఎక్కువ. ఫోన్ చేతికిస్తే ఇంకా ఎక్కువ. కన్ను కదలని తెరను చూస్తుంటే చెవి లోపలి భాగం ఒళ్లు కదులుతోందని చెబుతుంది. ఆ తగాదాకే కడుపు తిరుగుతుంది. కిటికీలోంచి దూరంగా ముందుకు చూడమనండి. కడుపు నింపి ఎక్కించొద్దు, ఖాళీ కడుపుతోనూ వద్దు. రెండేళ్లలోపు వాళ్లకు ప్రోమెథజైన్ ఇవ్వకూడదు. పెద్ద పిల్లలకైనా మోతాదు డాక్టర్‌ను అడిగే వేయండి.

ఇక బెల్టు. 14 ఏళ్లలోపు పిల్లలకు బెల్టు గానీ పిల్లల సీటు గానీ లేకుండా బండి నడిపితే వెయ్యి రూపాయల జరిమానా అని 2019 సవరణలో చేర్చారు. తుఫాన్‌లో వెనక అడ్డ సీట్ల మీద ఎదురెదురుగా కూర్చున్న పిల్లలకు బెల్టు ఎక్కడిది? కాబట్టి బండి ఎంచుకునేటప్పుడే అందరూ ముందుకు చూసి కూర్చునే, ప్రతి సీటుకూ బెల్టు ఉన్నదాన్ని అడగండి. ఎనిమిది మంది బండిలో పదమూడు మందిని కుక్కకండి. ముందు సీట్లో ఒడిలో పసిబిడ్డతో కూర్చోవడం అన్నిటికంటే ప్రమాదం. బండి గుద్దుకున్న క్షణంలో తల్లి చేతులు బిడ్డను పట్టి ఉంచలేవు. ఎంత బలమున్న తల్లివైనా సరే. తెల్ల నంబరు ప్లేటు సొంత కారు చవగ్గా కిరాయికి వచ్చిందని మురిసిపోవద్దు, కిరాయికి తిప్పిన సొంత బండికి ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ డబ్బులు చిక్కుల్లో పడతాయి.

నిజంగానే కారవాన్ అద్దెకు తీసుకునేవాళ్లకు ఒక హెచ్చరిక. 2024 డిసెంబర్‌లో కేరళలోని వడకరలో రోడ్డు పక్కన ఆగి ఉన్న కారవాన్‌లో ఇద్దరు చనిపోయి కనిపించారు. జనరేటర్ పొగలోని కార్బన్ మోనాక్సైడ్ లోపలికి చేరింది. ఆ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే తీసుకుపోతుంది. ఇంజిన్ నడుపుతూ ఏసీ వేసుకుని, అద్దాలు మూసుకుని ఆగి ఉన్న కారులో పడుకునే మన డ్రైవర్లకూ, వాళ్లతో పాటు పడుకునే మనకూ ఇదే ముప్పు. ముఖ్యంగా షెడ్డులోనో, గోడ పక్కనో ఆపినప్పుడు. ఇక ఆపేసిన కారులో ఎండలో పిల్లను వదిలి ఒక్క నిమిషంలో వస్తానని పోకండి. పది నిమిషాల్లోనే లోపలి వేడి పది డిగ్రీలు పెరుగుతుంది. రామగుండం ఎండలు ఎలా ఉంటాయో మనకు కొత్తగా చెప్పక్కర్లేదు.

"పగలు పోతే ఎండ గదా డాక్టర్ సాబ్" అంటారు. సరైన మాటే. దానికి జవాబు కూడా ఎడ్లబండి దగ్గరే ఉంది. రాత్రి డ్రైవర్ కడుపునిండా నిద్రపోయాక పొద్దున 5 దాటాక బయల్దేరండి. 10, 11 గంటలకల్లా ఎక్కడైనా ఆగిపోండి. చెట్టు నీడో, గుడి సత్రమో, హోటలో. ఎండ దిగాక 4 గంటలకు మళ్లీ కదిలి చీకటి పడేలోగా చేరుకోండి. రోజుకు 300 కిలోమీటర్లు పోవచ్చు, కుటుంబంతో అది తక్కువేం కాదు. అంతకంటే దూరమైతే రైలెక్కండి, లేదా ఇద్దరు డ్రైవర్లను పెట్టుకోండి. ఖర్చంటారా? ఒక రోజు అదనపు కిరాయి, డ్రైవర్ బత్తా, ఒక గది. పెళ్లిలో సౌండ్ సిస్టమ్‌కు ఇచ్చేదానికంటే తక్కువే పడుతుంది.

ఇదంతా ఇప్పుడే ఎందుకు చెబుతున్నానంటే, 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. 2015లో ఆ పన్నెండు రోజులు మన దారులు ఎలా ఉన్నాయో మంథనివాళ్లకు గుర్తుండే ఉంటుంది. 2025 మే నెలలో సరస్వతీ పుష్కరాలకు కాళేశ్వరం దారినీ చూశాం. హైదరాబాద్ నుంచి రాత్రి బయల్దేరి తెల్లవారుజామున మునిగి మళ్లీ మధ్యాహ్నానికి తిరుగుముఖం పట్టాలనుకునే కుటుంబాలు వేలల్లో ఉంటాయి. అప్పుడు బండ్లు చాలవు, డ్రైవర్లు చాలరు. ఒక ట్రిప్పు దిగీ దిగగానే ఇంకో ట్రిప్పు ఎక్కే రోజులవి. మేడారానికీ రెండేళ్లకోసారి ఇదే జరుగుతుంది. మీ ఇంటికి చుట్టాలు పుష్కర స్నానానికి వస్తామంటే "రాత్రి ప్రయాణం పెట్టుకోకుండ్రి, ముందురోజు పొద్దటికే రండి, ఇంట్ల పండుకోవచ్చు" అని ఇప్పుడే చెప్పండి. వాళ్లతో వచ్చే డ్రైవర్‌కూ ఒక చాప పరచండి.

బండి మాట్లాడుకునేటప్పుడు ఓనర్‌ను ఏసీ ఉందా, టైర్లు ఎట్లున్నయి, కిలోమీటరుకెంత అని అడుగుతాం కదా. వాటితో పాటు ఇంకో మాట: "ముందురోజు రాత్రి డ్రైవర్‌కు వేరే కిరాయి ఒప్పుకోవద్దు అన్నా, ఆ పైసలు నేనిస్త." చాలామంది ఓనర్లు మొదట వింతగా చూస్తారు. రెండోసారి అడిగితే ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోతే ఇంకో ఓనర్ ఉంటాడు. దిగబోయే ఊళ్లో గది మాట్లాడేటప్పుడు డ్రైవర్ పడుకోవడానికి మంచం, ఫ్యాన్ ఉన్న చోటు ఉందా అని అడిగాకే అడ్వాన్స్ పంపండి. చాలా లాడ్జీల్లో డ్రైవర్ల గది అంటే జనరేటర్ పక్కన నాలుగు చాపలు. అలాంటిదైతే మీ గదుల్లో ఒకటి అతనికివ్వండి, మీరు ఒక గదిలో సర్దుకోండి.